రాముణ్ణి వదిలి రావణుణ్ణి ఎంచుకున్న దర్శకుడు: మెగాఫోన్ పట్టిన ఎన్టీఆర్

ఎన్టీ రామారావు నటన మీద పుస్తకాలున్నాయి, రాజకీయాల మీద అంతకంటే ఎక్కువ ఉన్నాయి. నిర్మాతగా, దర్శకుడిగా ఆయన చేసిన పనిని మాత్రం చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: పెద్ద స్టార్ కాబట్టి తన సినిమాలు తనే తీసుకున్నాడు, అంతే అని. ఇది ఆయనకు జరిగిన అన్యాయమే. బయటి నిర్మాతలకు చేసిన వేషాలనూ, సొంత సంస్థలో తనకు తాను ఇచ్చుకున్న వేషాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో మనిషి కనిపిస్తాడు. బయటివాళ్ళు ఆయన్ని రాముడుగా, కృష్ణుడుగా, అర్జునుడుగా అడిగారు. మెగాఫోన్ తన చేతికొచ్చాక ఆయన ఎంచుకున్నది రావణుణ్ణి, దుర్యోధనుణ్ణి, కర్ణుణ్ణి, చివరికి కీచకుణ్ణి కూడా. బయటివాళ్ళు తనకు అరుదుగా ఇచ్చిన పాత్రలకోసం, ఇంకా చెప్పాలంటే ఓడిపోయినవాడి తరఫున మాట్లాడ్డం కోసం ఆయన దర్శకుడయ్యాడు. దర్శకుడిగా ఆయన బలమంతా అక్కడే ఉంది, బలహీనత కూడా అక్కడినుంచే వచ్చింది.

అయితే ఆయన మొదట్లోనే దర్శకుడు కాలేదు. 1923లో కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టి, బెజవాడ, గుంటూరుల్లో చదువుకుంటూ నాటకాలు వేసి, సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చినా వదిలేసుకుని మద్రాసు వెళ్ళి, 1949లో మనదేశం సినిమాలో పోలీసు వేషంతో తెరమీదికొచ్చాడు. 1951లో కె.వి.రెడ్డి పాతాళ భైరవి ఆయన్ని స్టార్‌ని చేసింది. ఆ తర్వాత రెండేళ్ళకే, అంటే ముప్ఫై ఏళ్ళ వయసులో, నిర్మాతయ్యాడు. సంస్థకు పెట్టిన పేరు నేషనల్ ఆర్ట్ థియేటర్, గుంటూరు రోజుల్లో మిత్రులతో కలిసి నడిపిన నాటక సమాజం పేరు. సినిమా కంపెనీకి నాటక సమాజం పేరు పెట్టుకున్నాడంటే ఆయన మనసు ఎక్కడుందో తెలుస్తుంది. డబ్బు లెక్కలు, ప్రొడక్షన్ వ్యవహారాలు తమ్ముడు త్రివిక్రమరావు చూసుకునేవాడు, అన్న నటించేవాడు, దర్శకత్వం వేరేవాళ్ళది.

అప్పట్లో నటులు సినిమాలు తీయడం కొత్తేమీ కాదు. 1953లోనే భానుమతి చండీరాణికి దర్శకత్వం వహించింది, అదీ మూడు భాషల్లో. అక్కినేని అన్నపూర్ణ పిక్చర్స్‌లో భాగస్వామి. కానీ అక్కినేని జీవితాంతం దర్శకత్వం జోలికి వెళ్ళలేదు, మంచి దర్శకుణ్ణి ఎంచుకుని ఆయన చేతిలో తనను పెట్టేయడమే ఆయన పద్ధతి. ఎన్టీఆర్ కూడా మొదటి ఏడెనిమిదేళ్ళు ఆ దారిలోనే నడిచాడు. తాతినేని ప్రకాశరావుతో పిచ్చి పుల్లయ్య (1953), డి.యోగానంద్‌తో తోడు దొంగలు (1954). రెండూ సాంఘికాలే. తోడు దొంగలుకు జాతీయ అవార్డుల్లో ప్రశంసాపత్రం దక్కింది గానీ, పేరొచ్చినంతగా డబ్బు రాలేదు. అప్పుడు కత్తులూ గుర్రాలూ ఉన్న జానపదం జయసింహ (1955) తీశారు, అది ఆడింది. వహీదా రెహమాన్ హిందీకి వెళ్ళకముందు నాయికగా వేసిన సినిమా అది. తర్వాత కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో పాండురంగ మహాత్మ్యం (1957) ఘనవిజయం. సాంఘికంతో గౌరవం వస్తుంది, జానపదంతో, పౌరాణికంతో సంస్థ నిలబడుతుంది అన్న సంగతి ఈ నాలుగు సినిమాలతో అన్నదమ్ములిద్దరికీ బాగా బోధపడి ఉండాలి. తర్వాత తీసిన సినిమాల వరస చూస్తే అలాగే ఉంటుంది.

ఇక 1961 జనవరిలో వచ్చిన సీతారామ కళ్యాణం. ఎన్టీఆర్ దర్శకుడిగా పనిచేసిన తొలి సినిమా ఇదే, అయినా టైటిల్స్‌లో దర్శకుడి పేరు వేసుకోలేదు. అంతకు నాలుగేళ్ళ ముందే మాయాబజార్‌లో కృష్ణుడుగా ఆయన్ని చూసిన జనం ఇళ్ళలో ఆ బొమ్మ పెట్టుకునే స్థితికి వచ్చారు. అలాంటి సమయంలో సొంత డబ్బుతో రామాయణం తీస్తున్న హీరో రాముడి వేషం వేసుకోకుండా ఉంటాడా? ఆయన ఆ వేషం హరనాథ్‌కు ఇచ్చాడు. సీత గీతాంజలి, అప్పుడప్పుడే పైకొస్తున్న శోభన్‌బాబు లక్ష్మణుడు. తను రావణుడు. 1958లో ఏవీఎం వారి భూకైలాస్‌లో ఒకసారి రావణుడు వేసి ఉన్నాడు కాబట్టి ఆ పాత్ర రుచి ఆయనకు తెలుసు. కానీ అక్కడ కథ వేరేవాళ్ళది, ఇక్కడ కథ తన చేతిలో ఉంది.

కథ తన చేతిలో ఉంటే ఏం చేశాడో చూడాలి. సినిమా పేరే కళ్యాణం కాబట్టి కథ పెళ్ళి దగ్గర ఆగిపోతుంది, సీతాపహరణమూ లేదు, రావణవధా లేదు. అంటే పదితలల రావణుడు ఇందులో చావడు, చచ్చేంత తప్పు చేసే ఘట్టం దాకా మనం వెళ్ళనే వెళ్ళం. మనకు కనిపించేది శివభక్తుడు, సంగీతకారుడు, పండితుడు, గర్విష్ఠి. కైలాసం ముందు నిలబడి శివుణ్ణి పిలుస్తూ పాడే ఘట్టం ఒక్కటి చాలు. పిలుపు వినిపించుకోని దేవుడికోసం తన పేగులు తనే తీసి వీణ తీగలుగా మీటుతాడు. ఘంటసాల గొంతు పైస్థాయికి వెళ్తుంటే రామారావు ముఖంలో కనిపించేది దీనత్వం కాదు, పంతం. నువ్వు రాకపోతే నేను ఊరుకోను అన్న భక్తి. అదే భక్తి, అదే గర్వం, రెండూ ఒకే ముఖంలో. రవికాంత్ నగాయిచ్‌కు ఛాయాగ్రాహకుడిగా ఇదే తొలి చిత్రం, పదితలల రావణుణ్ణి తెరమీద నిలబెట్టిన ట్రిక్ ఫొటోగ్రఫీ ఆయనదే. తర్వాత ఆయన హిందీకి వెళ్ళి దర్శకుడయ్యాడు. కొత్త కెమెరామన్‌ను నమ్మి అంత కష్టమైన పని అప్పజెప్పడం కూడా దర్శకుడి తీర్పే కదా.

మరుసటి ఏడాది గులేబకావళి కథతో సి.నారాయణరెడ్డిని సినిమా పాటల రచయితగా పరిచయం చేసి, పాటలన్నీ ఆయనచేతే రాయించాడు. ఒక్క పాట ఇచ్చి చూద్దాం అనుకోలేదు. మనిషిని నమ్మితే పూర్తిగా నమ్మడం అనే ఈ గుణం ఆయన నిర్మాణ జీవితంలో చాలాచోట్ల కనిపిస్తుంది.

దర్శకుడిగా ఆయన పనితనానికి అసలు కొలత 1966 సంక్రాంతికి వచ్చిన శ్రీకృష్ణ పాండవీయం. దానవీరశూర కర్ణ కంటే ఇదే గొప్ప సినిమా అంటే ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉంటారు, అయినా దర్శకత్వం వరకూ మాట్లాడుకుంటే ఇదే ముందుంటుంది. ఇందులో కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. ద్విపాత్రాభినయం అంటే అప్పటిదాకా కవలలో, పోలికలున్న రాజూ పేదా అయ్యేవాళ్ళు. ఇక్కడ ఇద్దరి మధ్య చుట్టరికం తప్ప పోలికే లేదు. కృష్ణుడు తక్కువ కదులుతాడు, మాట ఆగి ఆగి వస్తుంది, నవ్వు కళ్ళలో మొదలవుతుంది. దుర్యోధనుడు ఛాతీతో నడుస్తాడు, కుడిచెయ్యి గద మీదో నడుం మీదో ఉంటుంది, గొంతు కిందనుంచి లేస్తుంది. ఇది నటుడి గొప్పతనం అనిపిస్తుంది, నిజమే. కానీ ఈ రెంటికీ మధ్య శకునిని పెట్టింది దర్శకుడు. తన వాళ్ళందరినీ చెరసాలలో పోగొట్టుకుని, తండ్రి ఎముకలతో పాచికలు చేయించుకుని, కౌరవుల పక్కనే ఉండి కౌరవవంశాన్ని నాశనం చేసే శకుని వ్యాసభారతంలో లేడు, జనం నోళ్ళలో ఉన్నాడు. ఆ కథను తెచ్చి ధూళిపాళ చేతికిచ్చేసరికి దుర్యోధనుడు ఒక్కసారిగా మోసపోయినవాడుగా మారిపోయాడు. ఇక్కడ రామారావు తన దుర్యోధనుణ్ణి మంచివాడని చెప్పడు, చుట్టూ ఉన్నవాళ్ళ ఆటలో పావు అని మనకు మాత్రమే తెలిసేలా చేస్తాడు. లక్క ఇంట్లో భీముణ్ణి నిద్రలేపడానికి కొసరాజు చేత పాట రాయించి, అందులో జీవితపాఠమంతా సరదాగా చెప్పించడం కూడా ఆ సినిమా తెలివే.

ఆయన తీసే పద్ధతి గురించి ఒక మాట. కె.వి.రెడ్డి మాయాబజార్‌లో సన్నివేశం ఎంతోమంది కలిసి నడుపుతారు, మార్కస్ బార్ట్లీ కెమెరా, పింగళి మాట, గోఖలే, కళాధర్‌ల సెట్, చివరికి తల్పం, గింబళి లాంటి వస్తువులకు కూడా నటన ఉంటుంది. ఎన్టీఆర్ దర్శకత్వంలో ఆ పొందిక తక్కువ. ఫ్రేమ్ మధ్యలో నటుడు, ఎదురుగా సభ, మాట పూర్తయ్యేదాకా కదలకుండా వినే కెమెరా. ఇది రంగస్థలం నుంచి, ముఖ్యంగా పద్యనాటకం నుంచి వచ్చిన చూపు. పద్యం పాడుతున్న నటుణ్ణి మధ్యలో ఆపకూడదు అన్న గౌరవం అది. సినిమా అంటే కెమెరా కదలికే అనుకునేవాళ్ళకు ఇది పాతపద్ధతిగా అనిపించొచ్చు. కానీ తెలుగు ఊళ్ళలో రాత్రంతా కూర్చుని శ్రీకృష్ణ రాయబారం విన్న ప్రేక్షకుడికి ఇది సొంత భాషలా ఉండేది, ఆ ప్రేక్షకుణ్ణి ఎన్టీఆర్‌కు తెలిసినంతగా ఇంకే దర్శకుడికీ తెలియదు.

మధ్యలో తీసిన సాంఘికాల్లో ఆయన సూటిగా అభిప్రాయాలు చెప్పాడు. వరకట్నం సినిమా ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చింది. తల్లా పెళ్ళామా (1970) తెలుగువాళ్ళంతా ఒక్కటిగా ఉండాలన్న పాటతో ఇప్పటికీ గుర్తుంది. కుటుంబ నియంత్రణను తప్పుపట్టిన తాతమ్మ కల (1974)లో భానుమతి టైటిల్ రోల్, బాలకృష్ణకు తొలి సినిమా. ఈ మూడింట్లోనూ కథ కంటే ఉపన్యాసం ముందు నడుస్తుంది.

ఇక 1977. ఆ ఒక్క ఏడాది చూస్తే చాలు, నటుడు, నిర్మాత, దర్శకుడు ముగ్గురూ ఒకే మనిషిలో ఎలా పనిచేశారో అర్థమవుతుంది. జనవరి 14న దానవీరశూర కర్ణ. ఏప్రిల్‌లో రాఘవేంద్రరావు అడవి రాముడు. ఆగస్టులో మళ్ళీ సొంత దర్శకత్వంలో చాణక్య చంద్రగుప్త, అందులో చాణక్యుడుగా అక్కినేని, అలెగ్జాండర్‌గా శివాజీ గణేశన్. అక్టోబర్‌లో యమగోల. బయటివాళ్ళకు డాన్సులు, ఫైట్లు, ఇంట్లో కిరీటాలు, గదలు. మార్కెట్ బయటి సినిమాలతో పెరుగుతుంటే, ఆ మార్కెట్ ఇచ్చే ధైర్యాన్ని తనకిష్టమైన కథల మీద పెట్టాడు. యాభై నాలుగేళ్ళ వయసులో ఇంత పని, తల్చుకుంటేనే ఆశ్చర్యం వేస్తుంది.

దానవీరశూర కర్ణ పుట్టింది పోటీలో. కృష్ణ అర్జునుడుగా, శోభన్‌బాబు కృష్ణుడుగా, కృష్ణంరాజు కర్ణుడుగా కురుక్షేత్రం భారీగా తయారవుతోంది. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, పాండురంగ మహాత్మ్యంలోనూ, నర్తనశాలలోనూ ఎన్టీఆర్‌ను డైరెక్ట్ చేసినాయనే. రెండు సినిమాలూ ఒకే రోజు విడుదలయ్యాయి. అవతల తారాబలం, అవుట్‌డోర్, టైమ్ అన్నీ ఉన్నాయి. ఇవతల ఎన్టీఆర్ హైదరాబాద్‌లో సొంత స్టూడియోలో నెలన్నర లోపే షూటింగ్ ముగించి, దాదాపు నాలుగు గంటల సినిమా జనం ముందు పెట్టాడు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తనే. అర్జునుడు హరికృష్ణ, అభిమన్యుడు బాలకృష్ణ. స్క్రీన్‌ప్లే, దర్శకత్వం, నిర్మాణం తనవే. గెలిచింది కూడా ఇదే.

ఎందుకు గెలిచింది? యుద్ధఘట్టాలు చూస్తే తొందర తెలిసిపోతుంది, సైన్యం పల్చగా ఉంటుంది, సెట్లు గట్టిగా తోస్తే పడిపోయేలా ఉంటాయి. వీటిని జనం పట్టించుకోలేదు. కారణం కొండవీటి వెంకటకవి రాసిన మాటలు. సినిమారంగంతో పెద్దగా సంబంధం లేని పండితకవిని పిలిచి, సరళం చేయండి, తగ్గించండి అనకుండా, సమాసాల మీద సమాసాలతో రాయించి, ఆ బరువంతా తన గొంతు మీద వేసుకున్నాడు. కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టమే తీసుకోండి. సూతపుత్రుడివి, నీకు ఇక్కడ నిలబడే అర్హత లేదు అని కర్ణుణ్ణి ఆపుతారు. అప్పుడు దుర్యోధనుడు లేచి ఆ సభలో ఉన్న పెద్దల పుట్టుకల చిట్టా విప్పుతాడు. ద్రోణుడు ఎలా పుట్టాడు, కృపుడు ఎలా పుట్టాడు, భీష్ముడి తల్లి ఎవరు, ఈ వంశంలో ఎన్ని కులాలు కలిశాయి అని ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళి అడుగుతాడు. సభ తలదించుకుంటుంది. ఆ వెంటనే అంగరాజ్యం ఇచ్చి కర్ణుడికి పట్టాభిషేకం చేస్తాడు. మహాభారతంలోనూ దుర్యోధనుడు ఈ వాదన చేస్తాడు, కానీ అక్కడ అది కొన్ని శ్లోకాలు. ఇక్కడ అదే సినిమాకు గుండె. ఆ డైలాగు అర్థం పూర్తిగా తెలియని పిల్లలు కూడా దాన్ని బట్టీపట్టి స్కూలు వార్షికోత్సవాల్లో చెప్పారు, ఇప్పటికీ చెబుతున్నారు.

మరో చిత్రమైన సంగతి, 1964లో బి.ఆర్.పంతులు తమిళంలో తీసిన కర్ణన్‌లో కర్ణుడు శివాజీ గణేశన్, కృష్ణుడు ఎన్టీఆర్. అంటే కర్ణుడి చావును ఒకసారి కృష్ణుడి వైపునుంచి నటించి వచ్చాడు. పదమూడేళ్ళ తర్వాత అదే కథ తన చేతికొచ్చినప్పుడు మూడు వైపులా తనే నిలబడ్డాడు. పేరు కర్ణుడిదే అయినా సినిమాను ఎత్తుకుపోయింది మాత్రం దుర్యోధనుడే, అతనికి భార్య భానుమతితో యుగళగీతం కూడా పెట్టాడు. అప్పటిదాకా తెలుగు తెరమీద తొడగొట్టి అరిచే దుర్యోధనుడు ఈ సినిమాతో స్నేహితుడు, ప్రేమికుడు, అభిమానధనుడు అయ్యాడు. అయిదేళ్ళ తర్వాత ఆయన ఆత్మగౌరవం అనే మాటతో రాజకీయాల్లోకి వచ్చినప్పుడు, ఆ గొంతు జనానికి ముందే అలవాటైనది.

ఇంతవరకూ బలం. ఇక బలహీనత చూడాలంటే రెండేళ్ళు ముందుకెళ్ళి 1979లో వచ్చిన శ్రీమద్విరాటపర్వం దగ్గర ఆగాలి. కృష్ణుడు, దుర్యోధనుడు, అర్జునుడు, బృహన్నల, కీచకుడు అన్నీ ఆయనే. ఇదే కథ 1963లో నర్తనశాలగా వచ్చింది. అక్కడ కీచకుడు ఎస్వీ రంగారావు. సైరంధ్రిగా సావిత్రి భయం, రంగారావు మదం, మధ్యలో ఏమీ చేయలేక చీరకట్టులో నిలబడ్డ ఎన్టీఆర్ బృహన్నల. ఆ నిస్సహాయత మనకు తగలడానికి కారణం ఎదురుగా ఇంకో పెద్ద నటుడు ఉండడమే. కీచకుడూ తనే, బృహన్నలా తనే అయినప్పుడు ఆ ఒత్తిడి పోయింది. ప్రతి వేషమూ విడిగా బాగానే ఉంటుంది, కలిపితే సన్నివేశం అవ్వదు. దుర్యోధనుడికి ధూళిపాళ శకుని లాంటి వాడు ఎదురున్నప్పుడు ఎన్టీఆర్ దర్శకత్వం పండింది, ఎదురు ఎవరూ లేనప్పుడు ఎండిపోయింది. అదే ఏడాది అక్బర్ సలీం అనార్కలి కోసం సి.రామచంద్రను సంగీతానికి తెచ్చి, రఫీ చేత పాడించాడు. పాటలు మిగిలాయి, సినిమా నిలబడలేదు.

కాదు, ఇది ఇలా వద్దు అని చెప్పగలిగే మనిషి పక్కన ఉండడం దర్శకుడికి ఎంత అవసరమో ఆయనకు తెలియదా? తెలిసే ఉండాలి, ఎందుకంటే గురువుల పట్ల ఆయన గౌరవం మాటల్లో ఆగిపోలేదు. కె.వి.రెడ్డి కెరీర్ చివరిదశలో ఉన్నప్పుడు తన సంస్థలోనే శ్రీకృష్ణ సత్య (1971) ఆయన చేతిలో పెట్టాడు. ఎన్టీఆర్ కృష్ణుడు, జయలలిత సత్యభామ. తనకు అప్పటికే పౌరాణికాలు తీసిన అనుభవం ఉంది, అయినా దర్శకుడి కుర్చీ గురువుకిచ్చి తను నటుడిగా నిలబడ్డాడు. కె.వి.రెడ్డికి అదే చివరి సినిమా. అలాంటి పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, 1982లో పార్టీ పెట్టి 1983లో ముఖ్యమంత్రి అయ్యాక, ఆయన సెట్లో ఆయనకు ఎదురు చెప్పగలిగే స్థాయి ఎవరికి మిగిలింది?

వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర సెన్సార్ చిక్కులు దాటుకుని 1984లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చి బాగా ఆడింది. అధికారం పోయాక 1991లో బ్రహ్మర్షి విశ్వామిత్ర తీశాడు. కథ ఎంపిక మాత్రం ఆయన పాత దారిలోదే: పంతం పట్టి దేవతలనే ఎదిరించి, పడి, లేచి, మళ్ళీ పడ్డ మనిషి. రావణుణ్ణీ దుర్యోధనుణ్ణీ ఇష్టపడ్డవాడికి విశ్వామిత్రుడు నచ్చకుండా ఎలా ఉంటాడు! కానీ అప్పటికి ప్రేక్షకుడు మారిపోయాడు, రాయబారం పద్యాలు విన్న తరం థియేటర్లకు రావడం తగ్గింది. అరవై ఎనిమిదేళ్ళ విశ్వామిత్రుడి ముందు మీనాక్షి శేషాద్రి మేనకగా నాట్యం చేస్తుంటే జనం తపోభంగం చూడలేదు, వయసు చూశారు. మరుసటి ఏడాది సామ్రాట్ అశోక్ కూడా నిలబడలేదు. దర్శకుడిగా అదే ఆఖరు. 1993లో శ్రీనాథ కవిసార్వభౌముడుకు బాపు దర్శకుడు, ఎన్టీఆర్ మళ్ళీ నటుడు మాత్రమే. అదీ ఆడలేదు గానీ, వైభవమంతా పోయాక మిగిలిన కవిగా అందులో ఆయన గొంతు తగ్గించి చేసిన నటన చూస్తే, ఆఖరి రోజుల్లో ఇంకో రెండు మూడు సినిమాలు వేరే దర్శకుల చేతిలో పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.